పొద్దున ఏం తిన్నావమ్మా? - వైద్యంలో మరిచిపోతున్న ప్రశ్న

మనకు ఒంట్లో బాగా లేక ఆసుపత్రికి వెళితే ముందుగా ఓ.పి. చీటీ రాస్తారు. పేరు, వయసు, ఊరు అడుగుతారు. బరువు, బి.పి. చూస్తారు. డాక్టరు గారు నాలుక చూపించమంటారు. స్టెతస్కోపు పెట్టి చూస్తారు. అవసరమైతే రక్త పరీక్ష రాస్తారు. ఇవన్నీ శరీరాన్ని తెలుసుకోవడానికే. అయితే ఈ రోగి ఎక్కడ ఉంటున్నాడు, నిన్న రాత్రి ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందా, మళ్ళీ వారం ఆసుపత్రికి రావడానికి బస్సు చార్జీలు ఉన్నాయా అనే ప్రశ్నలకు ఆ చీటీలో చోటు ఉండదు. ఈ ప్రశ్నలు కూడా వైద్యంలో భాగమేనని చాలా దేశాల్లో వైద్యులు చెబుతున్నారు. వీటిని ప్రతి రోగినీ ఒక పద్ధతి ప్రకారం అడగడాన్నే సామాజిక అవసరాల స్క్రీనింగ్ అంటారు. అది ఎలా మొదలైంది, దాని వల్ల మేలు ఎంత, దానిలో జాగ్రత్త పడవలసినది ఏమిటి అనే విషయాలను ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

మా ఇంట్లో జరిగిన సంగతి

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! పాఠంలోకి వెళ్ళేముందు మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. నేను ఈ హాస్టల్లో 9వ తరగతి చదువుతున్నప్పుడు మా అమ్మకు క్షయ అని తేలింది. నాన్న అప్పటికే లేరు. అమ్మ కూలి పనికి వెళ్ళేది. ఆసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితంగా చేశారు. 6 నెలల మందులూ ఉచితమే అన్నారు. మధ్యలో మానవద్దని గట్టిగా చెప్పి పంపారు.

రెండు నెలలు గడిచినా అమ్మ బరువు పెరగలేదు. పరీక్షకు వెళ్ళిన ప్రతిసారీ "మాత్రలు వేసుకుంటున్నావా?" అని అడిగేవారు. "వేసుకుంటున్నానండీ" అనేది అమ్మ. నిజానికి రోజు విడిచి రోజు వేసుకునేది. మాత్రలు మింగితే కడుపులో తిప్పి వాంతి అయ్యేది. వాంతి అయిన రోజు పనికి పోలేకపోయేది. పనికి పోకపోతే కూలి లేదు, కూలి లేకపోతే తిండి లేదు. పరగడుపున వేసుకోమని ఆసుపత్రిలో చెప్పారు. ముందు రోజు రాత్రి కూడా తినని మనిషి పరగడుపు ఎలా ఉంటుందో ఎవరూ అడగలేదు.

ఒకరోజు సాయంత్రం మా ఊరి ఆశ కార్యకర్త ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుంది. మాత్రల మాట ఎత్తకుండా "వదినా, రాత్రికి ఏం వండుతున్నావు?" అని అడిగింది. అమ్మ కాసేపు మాట్లాడలేదట. తరువాత ఏడ్చిందట. మా పేర్లు పెదనాన్న వాళ్ళ రేషన్ కార్డులోనే ఉన్నాయని, బియ్యం వాళ్ళింటికే పోతున్నాయని అప్పుడు చెప్పింది. ఆశ అక్క అమ్మను వెంటబెట్టుకుని మండల ఆఫీసుకు వెళ్ళి వేరు కార్డు కోసం అర్జీ పెట్టించింది. కార్డు వచ్చేదాకా మా వాటా బియ్యం మాకు ఇచ్చేలా పెదనాన్నతో మాట్లాడింది. మాత్రలు వేసుకునే వేళ మార్చవచ్చా అని డాక్టరు గారిని అడిగి వచ్చింది. మధ్యలో మానడం వల్ల అమ్మకు మందులు ఇంకా కొన్ని నెలలు పొడిగించవలసి వచ్చింది. చివరకు నయమైంది.

ఆ రోజుల్లో నేను ఇక్కడ మెస్సులో మూడు పూటలా తింటున్నాను. ఆదివారం నన్ను చూడటానికి వచ్చినప్పుడు "నేను తినే వచ్చాను" అని అమ్మ అంటే నమ్మాను. ఆసుపత్రి వాళ్ళు అడగలేదని ఇప్పుడు అనుకుంటాను గానీ, నేను కూడా అడగలేదు. నర్సింగులో చేరి కమ్యూనిటీ హెల్త్ పాఠాలు చదివాక ఆశ అక్క అడిగిన ఆ ఒక్క ప్రశ్నకు పెద్ద చరిత్రే ఉందని తెలిసింది.

సామాజిక అవసరాలు అంటే ఏమిటి?

మనిషి ఆరోగ్యం మందుల మీద, ఆసుపత్రుల మీద మాత్రమే ఆధారపడి ఉండదు. తిండి, ఇల్లు, మంచినీరు, పని, చదువు, భద్రత - ఇవన్నీ ఆరోగ్యాన్ని నిర్ణయిస్తాయి. వీటిలో ఏదైనా లోటు ఉండి, ఆ లోటు రోగి జబ్బును పెంచుతున్నా, వైద్యానికి అడ్డం పడుతున్నా దానిని ఆ రోగి సామాజిక అవసరం అంటాం.

ఉదాహరణకు, షుగరు వ్యాధి ఉన్న తాతకు ఇన్సులిన్ ఇచ్చి పంపారు. దానిని చల్లగా ఉంచాలి. ఆయన ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఇసుక, నీళ్ళు పోసిన మట్టికుండలో ఉంచుకోవచ్చని ఎవరూ చెప్పలేదు. ఉబ్బసం ఉన్న పాపకు మందు రాసి పంపారు. ఆ పాప పడుకునే గదిలోనే కట్టెల పొయ్యి ఉంది. రక్తహీనత ఉన్న గర్భిణికి ఐరన్ మాత్రలు ఇచ్చారు. ఆమె ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తింటుంది. ఈ మూడు సందర్భాల్లోనూ డాక్టరు రాసిన మందులో తప్పు లేదు. తెలుసుకోవలసినది ఒకటి తెలుసుకోలేదు, అంతే.

ఈ ప్రశ్న ఎలా పుట్టింది?

ఆసుపత్రిలో రోగి బతుకు గురించి అడగడానికి ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టడం 1895లో లండన్‌లో మొదలైంది. అక్కడి రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో మేరీ స్టివర్ట్ అనే ఆమెను 'ఆల్మనర్' అనే ఉద్యోగంలో నియమించారు. అయితే ఆమెను పెట్టిన ఉద్దేశం మనం అనుకున్నంత మంచిది కాదు. ఉచిత వైద్యానికి వస్తున్నవారిలో డబ్బు పెట్టుకోగలిగిన వారు ఎవరో కనిపెట్టి వారిని ఆపడం ఆమెకు అప్పగించిన ముఖ్యమైన పని. కానీ వచ్చినవారిని అడుగుతూ పోగా వారిలో ఎక్కువమంది నిజంగా పేదలేనని, వైద్యుడు చెప్పిన పాలు, మంచి తిండి, విశ్రాంతి వారికి అందుబాటులో లేవని తేలింది. అడ్డుకోవడానికి పుట్టిన ఉద్యోగం క్రమంగా ఆదుకునే ఉద్యోగంగా మారింది. ఈ విషయం మనం గుర్తుపెట్టుకోవాలి. ఒకే ప్రశ్నను మనిషిని బయటకు పంపడానికీ అడగవచ్చు, లోపలికి పిలవడానికీ అడగవచ్చు. ఆదాయ ధ్రువపత్రం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మనకు ఈ తేడా ఎవరూ చెప్పనవసరం లేదు.

తరువాత 10 ఏళ్ళకు, 1905లో, అమెరికాలోని బోస్టన్ నగరంలో డాక్టర్ రిచర్డ్ కాబట్ మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో సామాజిక కార్యకర్తను నియమించారు. విశ్రాంతి తీసుకో, మంచి ఆహారం తిను అని తాను చెబుతున్న మాటలు పేద రోగుల ఇళ్ళలో అమలు కావని ఆయన గమనించారు. మొదట్లో ఆసుపత్రి ఆ ఖర్చు పెట్టలేదు. ఆయన సొంత డబ్బుతో, దాతల సహాయంతో నడిపించారు. మొదట చేరిన గార్నెట్ పెల్టన్ అనే నర్సు ఎక్కువగా క్షయ రోగుల కోసం పనిచేసింది. కొద్ది నెలలకే ఆమెకూ క్షయ సోకి ఉద్యోగం వదలవలసి వచ్చింది. 1906లో ఆమె స్థానంలోకి వచ్చిన ఐడా కానన్ ఈ పనిని ఒక వృత్తిగా నిలబెట్టింది. మన దేశంలో 1946లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో మొదటి వైద్య సామాజిక కార్యకర్తను నియమించారు. ఈ రోజు పెద్దాసుపత్రుల్లో కనిపించే మెడికల్ సోషల్ వర్కర్ ఉద్యోగం అలా వచ్చినదే.

తిండిని మందుగా రాసిన డాక్టర్లు

అడగడం ఒక ఎత్తు. తెలుసుకున్నాక ఏం చేయాలన్నది మరో ఎత్తు. దీనికి మంచి ఉదాహరణ అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో ఉన్న మౌండ్ బయూ అనే చిన్న ఊరు. బానిసత్వం నుండి బయటపడిన నల్లజాతి ప్రజలు 1887లో కట్టుకున్న ఊరు అది. చుట్టుపక్కల పత్తి పొలాల్లో కూలి చేసుకునే కుటుంబాలు చాలా ఉండేవి. యంత్రాలు వచ్చాక ఆ కూలి కూడా పోయింది.

1967లో డాక్టర్ జాక్ గైగర్, ఆయన సహచరులు అక్కడ ఒక ఆరోగ్య కేంద్రం తెరిచారు. వచ్చిన పిల్లల్లో చాలామందికి ఉన్న అసలు జబ్బు ఆకలి. డాక్టర్లు మందుల చీటీ మీదనే ఆహార పదార్థాల పేర్లు రాశారు. ఆ చీటీ తీసుకుని వెళితే కొట్టువాడు సరుకులు ఇచ్చేవాడు. బిల్లు ఆరోగ్య కేంద్రం మందుల ఖాతా నుండి చెల్లించేవారు. మందుల డబ్బుతో తిండి కొనడం ఏమిటని అధికారులు ప్రశ్నించారు. పోషకాహార లోపానికి వైద్య గ్రంథాల్లో ఉన్న మందు ఆహారమేనని గైగర్ సమాధానం చెప్పారు.

వారు అంతటితో ఆగలేదు. మంచినీటి బావులు తవ్వించారు, మరుగుదొడ్లు కట్టించారు. ఆ ప్రాంతపు కుటుంబాలు కలిసి సహకార వ్యవసాయ సంఘం పెట్టుకుని కూరగాయలు పండించుకున్నాయి. నిన్నటిదాకా ఇతరుల పొలంలో పత్తి తీసినవారు తమ పిల్లల కోసం తాము పండించుకున్నారు. రోగిని అడిగిన ప్రశ్న చివరకు ఊరి పొలం దాకా నడిచిందన్నమాట.

ప్రశ్నల పట్టిక

మౌండ్ బయూ డాక్టర్లు కంటితో చూసి తెలుసుకున్నారు. రోజుకు వందల మంది వచ్చే ఆసుపత్రిలో అలా సాధ్యం కాదు. అందుకని అమెరికాలో పరిశోధకులు చిన్న ప్రశ్నపత్రాలు తయారు చేశారు. 2010లో రెండే ప్రశ్నలతో ఆకలిని గుర్తించే పద్ధతి ఒకటి ప్రచురించారు. గత 12 నెలల్లో మళ్ళీ డబ్బు చేతికి వచ్చేలోపు సరుకులు అయిపోతాయేమోనని దిగులు పడ్డారా అన్నది మొదటిది. తెచ్చిన సరుకులు నిజంగానే అయిపోయి, కొనడానికి డబ్బు లేని పరిస్థితి వచ్చిందా అన్నది రెండవది. రెండింటిలో ఏ ఒక్కదానికి 'తరచుగా' అని గానీ, 'అప్పుడప్పుడు' అని గానీ చెప్పినా ఆ ఇంట్లో తిండికి లోటు ఉన్నట్టు లెక్క. 18 ప్రశ్నల పెద్ద సర్వేలో తిండి లోటు ఉన్నట్టు తేలిన కుటుంబాల్లో 97 శాతాన్ని ఈ రెండు ప్రశ్నలే గుర్తించాయి.

2017 నుండి 2022 వరకు అమెరికా ప్రభుత్వం వృద్ధులకు, పేదలకు ఉన్న ఆరోగ్య బీమా పథకాల కింద ఒక పెద్ద ప్రయోగం చేసింది. ముఖ్యంగా 5 విషయాలు అడిగారు.

1. ఉండటానికి స్థిరమైన, మంచి ఇల్లు ఉందా?
2. తిండికి లోటు ఉందా?
3. ఆసుపత్రికి, పనికి వెళ్ళిరావడానికి వాహన సౌకర్యం ఉందా?
4. కరెంటు, గ్యాసు, నీటి బిల్లులు కట్టలేక ఆపేస్తారనే భయం ఉందా?
5. ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా, బెదిరిస్తున్నారా?

పది లక్షలకు పైగా మందిని ఇలా అడిగారు. ఎక్కువమంది చెప్పిన లోటు తిండే. అంత ధనిక దేశంలోనూ ఇదే సమాధానం వచ్చిందంటే మనం ఆలోచించాలి. అవసరం ఉన్నవారికి ఎక్కడికి వెళ్ళాలో చెప్పి, దారి చూపే మనుషులను కూడా పెట్టారు. అయినా సహాయానికి ఒప్పుకున్నవారిలో సగం మందికి కూడా ఆ అవసరం తీరినట్టు తేలలేదు. కారణం ఏమిటంటే, దారి చూపేవారు ఉన్నారు గానీ దారి చివర ఖాళీ ఇల్లు లేదు, చాలినంత సరుకు లేదు. 2024 నుండి ఆసుపత్రిలో చేరిన పెద్దవారిలో ఎంతమందిని ఇలా అడిగారో లెక్క చెప్పాలని అక్కడి ప్రభుత్వం ఆసుపత్రులకు నియమం పెట్టింది. 2025లో ఆ నియమాన్ని తీసివేసింది. ప్రశ్నపత్రం ఒక్కటే ఎవరి కడుపూ నింపదని, దాని వెనుక ఏర్పాటు ఉండాలని ఈ అనుభవం చెబుతోంది.

మన దేశంలో క్షయ నేర్పిన పాఠం

అడగడంతో పాటు అందించడం కూడా జరిగితే ఎంత మేలో మన దేశంలోనే రుజువైంది. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు 4వ వంతు మన దేశంలోనే ఉన్నారు. క్షయ క్రిములు ఒంట్లో ఉన్న ప్రతివారికీ జబ్బు రాదు. ఒంట్లో శక్తి తగ్గినప్పుడు అవి విజృంభిస్తాయి. శక్తి తగ్గడానికి మన దేశంలో ముఖ్యమైన కారణం పోషకాహార లోపం.

2019 నుండి 2022 వరకు జార్ఖండ్ రాష్ట్రంలో డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ తదితరులు ఒక పెద్ద అధ్యయనం చేశారు. 2,800 మంది క్షయ రోగులను, వారి ఇళ్ళలోని 10,345 మంది కుటుంబ సభ్యులను తీసుకున్నారు. రోగులందరికీ మందులతో పాటు బియ్యం, పప్పు, పాలపొడి, నూనె కలిపి నెలకు 10 కిలోల సరుకులు 6 నెలలు ఇచ్చారు. కుటుంబాలను మాత్రం రెండు భాగాలు చేశారు. ఒక భాగంలో ఇంట్లోని ప్రతి మనిషికీ నెలకు 5 కిలోల బియ్యం, 1.5 కిలోల పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. రెండవ భాగంలో కుటుంబ సభ్యులకు అలా ఇవ్వలేదు.

ఫలితాలు 2023లో లాన్సెట్ పత్రికల్లో వచ్చాయి. సరుకులు అందిన కుటుంబాల్లో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. ప్రయోగశాల పరీక్షలో రుజువైన ఊపిరితిత్తుల క్షయ చూస్తే 48 శాతం తగ్గింది. వైద్యం మొదలైనప్పుడు ప్రతి 5 మంది రోగుల్లో 4గురు ఉండవలసిన బరువు కంటే తక్కువ ఉన్నారు. మొదటి 2 నెలల్లో 5 శాతం బరువు పెరిగిన రోగుల్లో చనిపోయే ప్రమాదం 61 శాతం తక్కువగా కనిపించింది. అంటే 40 కిలోల మనిషి 2 కిలోలు పెరగడం. మా అమ్మ బరువు పెరగని ఆ 2 నెలలు ఎంత ప్రమాదకరమైనవో ఈ లెక్క చదివాక నాకు అర్థమైంది.

తమిళనాడు 2022 ఏప్రిల్ నుండి మరో పద్ధతి మొదలుపెట్టింది. క్షయ అని తేలిన వెంటనే 3 విషయాలు చూస్తారు. రోగి మరీ బక్కచిక్కి ఉన్నాడా? ఊపిరి అందడం కష్టంగా ఉందా? ఆసరా లేకుండా నిలబడగలడా? తూకం, ఎత్తు కొలిచే బద్ద, వేలికి పెట్టే చిన్న పరికరం ఉంటే చాలు. ప్రమాదంలో ఉన్నవారిని ఇంటికి పంపకుండా ఆసుపత్రిలో చేర్చుకుని తిండి, మందు రెండూ ఇస్తారు. ఇక్కడ చూడవలసినది ఏమంటే, పరీక్ష ముగిసేసరికి పడక సిద్ధంగా ఉంటుంది.

కేంద్ర ప్రభుత్వం కూడా 2018 ఏప్రిల్ నుండి నిక్షయ్ పోషణ్ యోజన కింద క్షయ రోగికి వైద్యం జరిగినన్నాళ్ళూ నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేయడం మొదలుపెట్టింది. 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేసింది. ఇది మంచి పథకం. అయితే ఖాతా లేనివారికి, ఖాతా ఉన్నా ఆధార్ కలవనివారికి ఆ డబ్బు అందడం కష్టం. కనుక "నీకు డబ్బు పడుతోందా?" అన్నది కూడా ఇప్పుడు ఆసుపత్రిలో అడగవలసిన ప్రశ్నే.

మన దగ్గర ఎవరు అడగగలరు?

మన తెలుగు ప్రాంతంలో ఈ పని చేయగల మనుషులు ఇప్పటికే ఉన్నారు. 2005లో వచ్చిన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ద్వారా ఆశ కార్యకర్తలు వచ్చారు. వారు ఆ ఊరివారే కనుక ఏ ఇంట్లో ఏ కష్టం ఉందో వారికి తెలుస్తుంది. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీలో ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగం పెట్టారు. ఆసుపత్రి గుమ్మంలోనే కూర్చుని కార్డు చూసి, ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళాలో చెప్పి, పల్లె నుండి వచ్చినవారికి తోడుగా ఉండటం వారి పని. ఏ.ఎన్.ఎం. అక్కలు, అంగన్‌వాడీ టీచర్లు, హెచ్.ఐ.వి. పరీక్షా కేంద్రాల్లోని కౌన్సెలర్లు కూడా రోజూ ప్రజలతో మాట్లాడేవారే.

వీరికి ఉన్న పని భారం తక్కువేమీ కాదు. ఇంకో రిజిస్టరు ఇచ్చి నింపమంటే అది కాగితం పనిగానే మిగిలిపోతుంది. అడిగిన విషయం రేషన్ ఇచ్చే శాఖకు, పింఛను ఇచ్చే శాఖకు, బస్ పాసు ఇచ్చేవారికి చేరే దారి ఉండాలి. మా ఆశ అక్క స్వయంగా మండల ఆఫీసుకు నడిచింది. ప్రతిచోటా ఒక మనిషి మంచితనం మీదనే ఆధారపడకుండా అది ఒక ఏర్పాటుగా ఉండాలి.

ఎలా అడగాలి?

అడిగే తీరు బాగా లేకపోతే నిజం బయటకు రాదు. మా అమ్మ ఆసుపత్రి వరుసలో అందరి ముందూ "తినడానికి లేదు" అని చెప్పలేకపోయింది. పేదవారికి కూడా మర్యాద ఉంటుంది. మేం చదివిన పాఠాల్లో, అనుభవం ఉన్న సిస్టర్లు చెప్పిన దానిలో ముఖ్యమైనవి ఇవి.

1. పక్కకు తీసుకెళ్ళి కూర్చోబెట్టి అడగాలి. ఇంట్లో కొడుతున్నారా అనే ప్రశ్నను భర్త, అత్తమామలు ఉండగా ఎన్నడూ అడగకూడదు. ఆమెకు దానివల్ల ఇంకా ప్రమాదం.
2. అందరినీ అడగాలి. బట్టలు చూసి, పేటను చూసి, కులం చూసి కొందరినే అడిగితే అది అవమానం అవుతుంది. "ఇక్కడికి వచ్చిన అందరినీ అడుగుతున్నామమ్మా" అని ముందే చెప్పాలి.
3. ఎందుకు అడుగుతున్నామో చెప్పాలి. కార్డు పోతుందేమో, వైద్యం ఆపుతారేమో అనే భయం ఉంటే ఎవరూ నిజం చెప్పరు.
4. చెప్పడం ఇష్టం లేకపోతే వదిలేయాలి. సహాయం వద్దన్నా నొచ్చుకోకూడదు. ఇంకోసారి చెప్పవచ్చు.
5. చెప్పిన విషయాన్ని ఊళ్ళో నలుగురికీ చెప్పకూడదు. ఒక్కసారి మాట బయటపడితే ఆ ఊళ్ళో మళ్ళీ ఎవరూ నోరు విప్పరు.
6. చేతిలో ఏ సహాయం ఉందో ముందే తెలుసుకుని అడగాలి. చేయలేనిది చేస్తామని మాట ఇవ్వకూడదు.

ఈ చివరిది అన్నిటికంటే ముఖ్యం. పుండును విప్పి చూసి కట్టు కట్టకుండా వెళ్ళిపోతే రోగికి నొప్పే మిగులుతుంది. అయితే "సహాయం లేదు కనుక అడగనే వద్దు" అనడం కూడా సరి కాదు. ఒక మండలంలో ఎంతమంది క్షయ రోగులకు రేషన్ అందడం లేదో అడిగితేనే లెక్క వస్తుంది. లెక్క ఉంటేనే కావాలని గట్టిగా అడగవచ్చు. అడగకపోతే ఆ ఆకలి ఎవరి లెక్కలోకీ రాదు. తెలిసిన తరువాత వెంటనే చేయగలిగింది ఇంకొకటి ఉంది. అది వైద్యాన్నే రోగి బతుకుకు తగినట్టు మార్చడం. మాత్రల వేళ మార్చడం, ఒకేసారి ఎక్కువ రోజులకు మందు ఇవ్వడం, కూలి పోని రోజున రమ్మనడం - వీటికి డబ్బు ఖర్చు కాదు.

మన వంతు

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఇది డాక్టర్ల పాఠమే గదా, మనకెందుకు అనుకోవద్దు. మనలో చాలామంది కూలి చేసుకునే ఇళ్ళ నుండి వచ్చినవాళ్ళం. ఆసుపత్రి వరుసలో అమ్మానాన్నలు నిలబడినప్పుడు పక్కన ఉండవలసింది మనమే. వారు సిగ్గుపడి చెప్పని మాటను మర్యాదగా మనం చెప్పవచ్చు.

హాస్టల్లో బరువు చూసినప్పుడు సెలవులకు ముందు ఎంత ఉన్నామో, వచ్చాక ఎంత ఉన్నామో పోల్చి చూసుకోండి. తగ్గితే దాచవద్దు, వార్డెన్ గారికో ఏ.ఎన్.ఎం. అక్కకో చెప్పండి. పక్క మంచం మీది స్నేహితుడు ఊరి నుండి వచ్చి రెండు రోజులుగా మాట్లాడకుండా ఉంటే ఏమైందని అడగండి. ఇంట్లో స్త్రీలకు హింస ఎదురైతే 181కి, పిల్లలకు ఆపద వస్తే 1098కి ఫోన్ చేయవచ్చునని గుర్తుంచుకోండి. రేపు మీలో ఎవరైనా నర్సు, డాక్టరు, ల్యాబ్ టెక్నీషియన్ అయితే రోగి చేతిలో చీటీతో పాటు రోగి ముఖం కూడా చూడండి. పది పూర్తయ్యాక ఏం చదవాలా అని ఆలోచిస్తున్నవారు ఒక సంగతి తెలుసుకోవాలి. డిగ్రీ తరువాత ఎం.ఎస్.డబ్ల్యు. చదివితే మెడికల్ సోషల్ వర్కర్ కావచ్చు. ఆకలి అంటే ఏమిటో తెలిసిన పిల్లలు ఆ ఉద్యోగంలోకి వెళ్ళడం ఎంతైనా అవసరం.

గుర్తుంచుకోవలసిన విషయాలు

- తిండి, ఇల్లు, ప్రయాణం, భద్రత గురించి అడగడం వైద్యంలో భాగమే.
- 1895లో అడ్డుకోవడానికి మొదలైన ప్రశ్న క్రమంగా ఆదుకునే ప్రశ్నగా మారింది.
- జార్ఖండ్‌లో ఇంటిల్లిపాదికీ తిండి ఇస్తే కొత్త క్షయ కేసులు 39 శాతం తగ్గాయి.
- అడిగిన తరువాత చేయగలిగింది చేయాలి. చేయలేనిదాన్ని లెక్కలో రాసి పైవారికి చెప్పాలి.

ఆలోచించండి

1. మీ ఊరి నుండి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళిరావడానికి ఒక మనిషికి ఎంత ఖర్చు అవుతుంది? ఆ రోజు పోయే కూలి ఎంత? రెండూ కలిపి చూడండి.
2. మీ ఇంటి రేషన్ కార్డులో అందరి పేర్లూ ఉన్నాయా? లేకపోతే ఎవరిని కలవాలి?
3. మీ ఊరి ఆశ కార్యకర్త పేరు మీకు తెలుసా?

ఇప్పుడు ఇంటికి వెళ్ళినప్పుడల్లా అమ్మ "తిన్నాను" అంటే నేను నమ్మను. వంటింట్లోకి వెళ్ళి గిన్నె మూత తీసి చూస్తాను. అమ్మ నవ్వుతుంది. ఈ ఆదివారం మీ అమ్మగారో నాన్నగారో మిమ్మల్ని చూడటానికి హాస్టల్‌కు వస్తే, తెచ్చినది విప్పేముందు ఒక్క మాట అడగండి - "పొద్దున ఏం తిన్నావమ్మా?" అని.

- పూర్వ విద్యార్థిని, జి.ఎన్.ఎం. 3వ సంవత్సరం